సత్యవేణి తాలూకు సత్యవేణి

మూడో అంతస్తులో పదకొండో నంబరు గది తలుపు అరంగుళం తెరుచుకుంది. ఆ సందులోంచి ఒక కన్ను బయటికి చూసింది. వరసగా కుర్చీల్లో కూర్చున్నవాళ్లని ఒక్కొక్కరినే కొలుచుకుంటూ వెళ్లి, చివరి కుర్చీ దగ్గర ఆగింది.

"కడలి సత్యవేణి! పేషెంట్ తాలూకు ఎవరండీ?"

చివరి కుర్చీలోంచి ఒకామె లేచి నిలబడింది. నలభై తొమ్మిదేళ్లు. చీర మీద ఖాకీ కోటు.

"నేనేనండి."

"పేషెంట్ ఎక్కడున్నారు?"

"నేనేనండి."

కన్నురెప్ప రెండుసార్లు ఆడింది. తలుపు ధడాలున మూసుకుంది. లోపల గొళ్లెం పడిన చప్పుడు!

సత్యవేణి కాకినాడ డిపోలో కండక్టరు. పెళ్లి చేసుకోలేదు. తల్లి పోయాక ఒక్కతే ఉంటోంది. ఇరవై రోజుల క్రితం స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో రేగిపండంత గడ్డ చేతికి తగిలింది. భయపడింది. అయినా మర్నాడు పొద్దున్నే డిపోలో ఉత్తరం రాయించుకుని, డిపోవాళ్లు చూపించిన అభయాంజలి ఆసుపత్రికి వచ్చింది. ఫొటో తీశారు. సూది గుచ్చి ముక్క తీశారు. ఆ ముక్క తాలూకు రిపోర్టు ఇప్పుడు ఆ తలుపు వెనక ఉంది.

తలుపుకీ ఆమెకీ మధ్య ఉన్నది గొళ్లెం ఒక్కటే కాదు. కరుణాపూర్వక సమాచార విధానం.

అభయాంజలి ఆసుపత్రి కరుణకి పెట్టింది పేరు. రెండేళ్ల క్రితం ఒక పేషెంటుకి, పిత్తాశయంలో రాళ్లున్నాయని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. ఆ పేషెంటు తూలుకుంటూ కిందికి దిగి, ఆసరాకి దొరికినదాన్ని గట్టిగా పట్టుకున్నాడు. అది హాల్లోని చేపల తొట్టి. పదహారు రంగు చేపలు అక్కడికక్కడే ప్రాణాలు విడిచాయి. పేషెంటు మాత్రం రాళ్లు తీయించుకుని సుఖంగా ఇంటికి పోయాడు. యాజమాన్యం చలించిపోయింది. ఇకమీదట ఏ చెడువార్తా పేషెంటుకి నేరుగా చెప్పకూడదు, తాలూకువాళ్లకే చెప్పాలి అని తీర్మానించింది.

మొదట్లో చిన్న లోపం బయటపడింది. మంచివార్త అయితే పేషెంటుకే చెప్పేవారు. దాంతో "మీ తాలూకు ఎవరు?" అని అడగ్గానే పేషెంట్లు గొల్లుమనేవారు. అందుచేత మంచివార్తలు కూడా నిషేధించారు. ఆ తర్వాత ఏది మంచో ఏది చెడో తేల్చడానికి ఒక సంఘం వేశారు. సంఘం తేల్చలేక, అసలు ఏ వార్తా చెప్పకూడదంది. ఇప్పుడు అభయాంజలిలో పేషెంటుతో మాట్లాడటానికి ఆమోదం పొందిన వాక్యం ఒకే ఒక్కటి.

"ఏం లేదు. కొంచెం గ్యాస్."

సత్యవేణి కింది అంతస్తుకి దిగింది. బాంధవ్య విభాగం అని రాసి ఉన్న బల్ల వెనక హిమజ అనే అమ్మాయి చిరునవ్వుతో కూర్చుని ఉంది. ఆ చిరునవ్వు కూడా విధానంలో భాగమే.

"అమ్మా, బాత్రూం ఎటువైపండీ?"

"మీరు పేషెంటా మేడమ్, తాలూకా?"

"పేషెంట్‌నండి."

"ఏం లేదు మేడమ్. కొంచెం గ్యాస్."

సత్యవేణి ఒక్క క్షణం ఆ అమ్మాయిని చూసింది. పండగ రోజు కిక్కిరిసిన బస్సులో పాసు లేకుండా పాసు ఉందనే కుర్రాళ్లని చూసినట్టు చూసింది.

"నా రిపోర్టు నాకు ఇచ్చెయ్యమ్మా. ఇంకో ఆస్పత్రికి పోయి చూపించుకుంటాను."

"పేషెంట్‌కి రిపోర్ట్ ఇవ్వడం విధానపరంగా సాధ్యపడదు మేడమ్. తాలూకువారికి మాత్రమే. మీవారు?"

"లేరు."

"నాన్నగారు, అన్నగారు, అబ్బాయి?"

"ఎవరూ లేర్రా తల్లీ. డ్రైవర్ అబ్బులు ఉన్నాడు. పదేళ్లనుంచీ ఒకే బస్సు."

"డ్రైవర్ బంధుత్వం కిందికి రాదు మేడమ్."

"పోనీ తాలూకు అవ్వాలంటే ఏం ఉండాలో చెప్పు."

హిమజ ఫారం తీసి చదివింది. చదవమంటే చదవవచ్చు. ఫారం వార్త కాదు. "తాలూకువారు మేజర్ అయి ఉండాలి. పేషెంట్‌ను కనీసం అయిదేళ్లుగా ఎరిగి ఉండాలి. అదే చిరునామాలో నివసిస్తూ ఉండాలి. పేషెంట్ క్షేమాన్ని కోరేవారై ఉండాలి."

"నలభై తొమ్మిదేళ్లుగా ఎరుగుదును," అంది సత్యవేణి. "ఒకే ఇల్లు. ఒకే మంచం. క్షేమం సంగతంటావా, నాకంటే ఎవరు కోరతారు? రాసుకో."

"మేడమ్! మీకు మీరే..."

"ఎక్కడైనా వద్దని రాసుందా?"

హిమజ ఫారాన్ని వెనక్కీ ముందుకీ తిప్పింది. రాసిలేదు. ఫారం తయారుచేసినవాళ్లకి అలాంటి మనిషి ఉంటుందని తోచలేదు. హిమజ కంప్యూటరులో కొట్టింది. పేషెంట్‌తో బంధుత్వం అన్న చోట భర్త, తండ్రి, కొడుకు, అన్న, ఇతరులు అని ఉన్నాయి.

"ఇతరులు అని కొట్టు," అంది సత్యవేణి.

కంప్యూటరు ఒప్పుకుంది! పేషెంటు చేతికి నీలం పట్టీ, తాలూకు మెడలోకి పసుపు కార్డు వచ్చాయి.

"బాత్రూం ఎటు?"

"కుడివైపు రెండో తలుపు మేడమ్," అంది హిమజ ప్రాణం లేచొచ్చినట్టు. ఆ అమ్మాయి ఈ ముక్క ఎవరికైనా చెప్పి మూడు వారాలైంది.

*

పదకొండో నంబరు గది గొళ్లెం తీశారు. డాక్టర్ పరాంకుశం పసుపు కార్డు చూశాడు. నీలం పట్టీ ఉన్న చెయ్యి పైట చాటున ఉంది. ఆయన లేచి వెళ్లి కిటికీ తెర లాగాడు. గొంతు తగ్గించాడు.

"కూర్చోండమ్మా. పేషెంట్ మీకేమవుతారు?"

"దగ్గర మనిషేనండి."

"ఎలాంటి మనిషి? గుండె ధైర్యం ఉన్నదేనా?"

"కొంచెం నోరు పెద్దదండి. ధైర్యం సంగతి ఇప్పుడే తెలియాలి."

ఆయన తల పంకించాడు. "అయితే వినండి. ఇది ఆవిడకి మాత్రం పొరపాటున కూడా తెలియకూడదు. మాటివ్వండి."

"నా నోట్లోంచి మాట బయటికి రాదండి."

"క్యాన్సర్."

సత్యవేణి కుడిచేత్తో కుర్చీ అంచు పట్టుకుంది. ఇరవై రోజులుగా తెలిసినట్టే ఉన్న మాట. వేరే గొంతు అన్నాక అది వేరే మాట అయిపోయింది.

"చిన్నదే," అన్నాడాయన. "రెండు సెంటీమీటర్లు. ఇంకెక్కడికీ పాకినట్టు లేదు. తొందరగా వచ్చారు. ఆవిడ అదృష్టవంతురాలు."

"ఆవిడకి ఆ ముక్క చెప్తే సంతోషిస్తుంది కదండీ?"

"చెప్పకూడదు. గురువారం ఉదయం ఎనిమిదికి ఆపరేషన్. రొమ్ము మొత్తం తీసేస్తాం. ఆవిడతో కొవ్వు గడ్డ అని చెప్దాం. మీరు ఇక్కడ సంతకం పెట్టండి."

సత్యవేణి కాగితం చూసింది. 'మొత్తం' అన్న మాట అందులో ముందే అచ్చయి ఉంది.

"గడ్డ ఒక్కటే తీస్తే సరిపోదా డాక్టరు గారూ? మా డిపోలో ఒకామెకి అలాగే చేశారండి."

ఆయన చాలాకాలంగా వినని భాష విన్నట్టు తలెత్తాడు. "సరిపోవచ్చు. ఇంత చిన్నదానికి గడ్డ తీసి తర్వాత రేడియేషన్ ఇచ్చినా ఫలితం దాదాపు అంతే. కానీ నన్నెవరూ అడగలేదే! తాలూకువాళ్లంతా 'మొత్తం తీసెయ్యండి, మాకు మనశ్శాంతి' అంటారు."

"వాళ్లది కాదు కదండీ," అంది సత్యవేణి. "ఆవిణ్ణి ఒక్కమాట అడిగి సంతకం పెడతాను."

"పేషెంట్‌ని అడగడమా!" డాక్టరు ఉలిక్కిపడ్డాడు. "విధాన విరుద్ధం. అడిగితే తెలిసిపోతుంది. మీరు ముందు కాసేపు ఏడవండి. తాలూకువారికి అనుమతి ఉంది. పక్కనే గది. ఏడు నిమిషాలు."

పక్క గది తలుపు మీద 'శోక విమోచన మందిరం' అని ఉంది. లోపల మెత్తటి సోఫా, గోడ మీద జలపాతం బొమ్మ. సత్యవేణి కూర్చుంది. నాలుగు నిమిషాలు నిజంగానే ఏడ్చింది. అయిదో నిమిషంలో కళ్లు తుడుచుకోవడానికి ఎడమ చెయ్యి పైటలోంచి బయటికి తీసింది.

తలుపు దగ్గర నర్సు ఎలీసమ్మ నిలబడి ఉంది. ఆమె చూపు నీలం పట్టీ మీద పడింది.

"ఇదేంటమ్మా! పేషెంట్లు ఇక్కడ ఏడవకూడదు. పేషెంట్లకి ఏడ్చేంత సమాచారం ఉండదు!"

*

సత్యవేణి పసుపు కార్డు చూపించాక ఎలీసమ్మ ఊరుకుంది. గురువారానికి ఇంకా రెండు రోజులున్నాయి. సత్యవేణిని వార్డులో చేర్చుకున్నారు. తాలూకు కూడా పేషెంటు పక్కనే ఉండాలి కాబట్టి, మంచం పక్కన బల్ల వేశారు. భోజనాలు రెండు వచ్చేవి. పేషెంటుకి ఉప్పు లేని జావ, తాలూకుకి పులిహోర. సత్యవేణి నియమం తప్పలేదు. మంచం మీద కూర్చుని జావ తాగి, బల్ల మీదకి మారి పులిహోర తినేది.

ఎలీసమ్మ బుధవారం పొద్దున్న బీపీ చూడటానికి వచ్చింది.

"ఎలా ఉన్నారమ్మా? ఏం లేదు. కొంచెం గ్యాస్."

"సిస్టరూ, నీకు దణ్ణం పెడతాను. ఎడమ రొమ్ములో రెండు సెంటీమీటర్ల క్యాన్సర్‌కి మొత్తం తియ్యాలో, గడ్డ ఒక్కటే తియ్యాలో పేషెంట్‌ని అడగరా మీరు?"

ఎలీసమ్మ చేతిలోని పళ్లెం నేల మీద పడింది. ఆమె గోడ దగ్గరకి పరుగెత్తి ఒక మీట నొక్కింది. ఆసుపత్రి నాలుగంతస్తుల్లోనూ మైకులు మోగాయి.

"కోడ్ ఊదా! కోడ్ ఊదా! రెండో వార్డు, ఆరో మంచం!"

కోడ్ ఎరుపు అంటే మంటలు. కోడ్ నీలం అంటే గుండె ఆగింది. ఈ రెంటికీ లిఫ్టు వాడవచ్చు. కోడ్ ఊదాకి మెట్ల మీద పరుగెత్తాలి. కోడ్ ఊదా అంటే పేషెంటుకి తెలిసిపోయింది!

*

విచారణ మధ్యాహ్నం మూడింటికి మొదలైంది. మధ్యలో జనరల్ మేనేజర్ కోదండపాణి, ఒకవైపు డాక్టర్ పరాంకుశం, ఇంకోవైపు హిమజ. వెనక గోడకి ఆనుకుని ఎలీసమ్మ. ఎదురుగా రెండు కుర్చీలు. ఒకదాని మీద 'పేషెంట్' అనీ, రెండోదాని మీద 'తాలూకు' అనీ చీటీలు అంటించారు.

కోదండపాణి గొంతు సవరించుకున్నాడు. "సంస్థ చరిత్రలో అత్యంత విషాదకరమైన సంఘటన ఇది. పేషెంటుకు తన వ్యాధి పేరు తెలిసిన పరిస్థితి ఉత్పన్నమైంది. పేషెంట్ సమాధానమివ్వాలి. మీకెవరు చెప్పారు?"

సత్యవేణి పేషెంట్ కుర్చీలో కూర్చుంది. "తాలూకు ఆవిడే చెప్పిందండి."

"తాలూకు!"

సత్యవేణి పక్క కుర్చీలోకి మారింది. "నేను పెదవి విప్పలేదండి. ఆవిడే కనిపెట్టేసింది."

"ఎలా కనిపెట్టారు?"

మళ్లీ మొదటి కుర్చీ. "మొహం చూసి తెల్సిపోయిందండి. పొద్దున్న తల దువ్వుకుంటుంటే."

హిమజ ఇవన్నీ రెండు వేర్వేరు పుస్తకాల్లో రాసుకుంటోంది. డాక్టర్ పరాంకుశం నుదురు తుడుచుకుంటూ అన్నాడు. "సార్, ఈ ఇద్దరికీ పోలికలున్నాయి. నాకు ముందే అనుమానం వచ్చింది."

"తాలూకు బాధ్యతారాహిత్యం రుజువైంది," అన్నాడు కోదండపాణి. "ఆమెను తక్షణం తొలగిస్తున్నాం. వెతికేందుకు వ్యవధి లేదు. కాబట్టి సంస్థే కరుణతో ఒక తాలూకును సమకూరుస్తుంది. హిమజగారూ, ఇప్పటినుంచి ఈ పేషెంట్ తాలూకు మీరు. ఆపరేషన్ కాగితం మీద సంతకం చేయండి. మొత్తం తొలగింపు. రేపు ఎనిమిదికి."

హిమజ కలం తీసింది.

తన రొమ్ము, తన రిపోర్టు, తన గురువారం! రేపీపాటికి ఈ అమ్మాయి సంతకంతో అంతా అయిపోతుంది.

"ఆగు!"

కిటికీ అద్దాలు జలదరించాయి. డ్రైవరు అబ్బులు అరవై మంది జనం అవతలనుంచి ఈ గొంతు విని బ్రేకు వేసేవాడు. హిమజ కలం కాగితానికి వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయింది.

"ఏంటండీ ఇది? నన్ను ఎరుగుదా ఈ పిల్ల? నా పేరు ఇంటిపేరు చూడకుండా చెప్పమనండి! నా ఒళ్లు నేను తప్ప ఊరంతా చూసేసేరు. నేనడిగితే గ్యాసంటారు. ఇది ఆస్పత్రాండీ, మీ పెదనాన్నగారి పొలమా?"

"విధానాన్ని అవమానిస్తున్నారు!" కోదండపాణి ఒక్క ఉదుటున లేచాడు. లేచినంత వేగంగానూ కూలబడ్డాడు. "తల... తల తిరుగుతోంది."

ఎలీసమ్మ ఆయన చేతికి బీపీ పట్టీ చుట్టింది. గాలి కొట్టింది. విన్నది. అంకె కాగితం మీద రాసింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంది.

"ఎంతుంది?" అన్నాడు కోదండపాణి.

ఎలీసమ్మ నేల చూపులు చూసింది. "సార్ తాలూకు ఎవరైనా వచ్చేరాండీ?"

"నేను జనరల్ మేనేజర్ని!"

"ఆయ్. కానండీ, పట్టీ చుట్టాక మీరు పేషెంటండి. మీరే కదండీ సంతకం పెట్టేరు, పట్టీ చుట్టిన ప్రతివాళ్లూ పేషెంటేనని."

"మా ఆవిడకి ఫోన్ చెయ్యండి!"

హిమజ చేసింది. తర్వాత వాళ్లింటికి చేసింది. "మేడమ్‌గారు అన్నవరం కొండ మీద వ్రతంలో కూర్చున్నారంట సార్. ఫోన్ ఆపేశారు. సాయంత్రానికి గానీ దొరకరు."

కోదండపాణి గోడ గడియారం చూశాడు. మూడూ ఇరవై. ఆయన చూపు ఎలీసమ్మ జేబు మీద నిలిచింది.

"డాక్టర్‌గారూ, మీరైనా..."

డాక్టర్ పరాంకుశం కాగితం తీసుకుని చదివి, అలవాటు కొద్దీ లేచి కిటికీ తెర లాగాడు. ఆ తర్వాత కోదండపాణి భుజం మీద చెయ్యి వేసి, ఎంతో దయగా అన్నాడు.

"ఏం లేదు సార్. కొంచెం గ్యాస్."

కోదండపాణి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ వాక్యం ఎవరికి చెప్తారో, ఎందుకు చెప్తారో ఆయనకి తెలిసినంతగా ఆ జిల్లాలో ఎవరికీ తెలియదు. దాన్ని రాసిందే ఆయన!

"నాది నాకు చెప్పకపోవడమేంటయ్యా! నా పెళ్లాం కంటే ముందు నేను కదా నాకు దగ్గర!"



సత్యవేణి లేచింది. హిమజ ముందున్న కట్టలోంచి తాలూకు ఫారం ఒకటి తీసి ఆయన ముందు పెట్టింది. కలం చేతికిచ్చింది.

"ఇతరులు అన్నచోట టిక్ పెట్టండి సార్. కంప్యూటర్ ఒప్పుకుంటాది."

ఆయన పెట్టాడు. సంతకం వంకరగా వచ్చింది. హిమజ పసుపు కార్డు మెడలో వేసింది. ఎలీసమ్మ వెంటనే కాగితం ఇచ్చింది. నూట నలభై బై తొంభై. ఉప్పు తగ్గించి, వారం తర్వాత మళ్లీ చూపించుకోమంది.

"ఇంతేనా?" అన్నాడు కోదండపాణి.

"ఇంతేనండి."

"ఇది ముందే చెప్తే ఏం పోయింది!"

కోదండపాణి కాసేపు నీళ్లు తాగాడు. మెల్లగా మనిషి మళ్లీ జనరల్ మేనేజరుగా మారాడు. తీర్మానం చెప్పి రాయించాడు.

"పేషెంట్ తనకు తానే తాలూకు కావడం సంస్థ ఎల్లప్పుడూ ప్రోత్సహిస్తూ వచ్చిన ఉదాత్త సంప్రదాయం. ఈ రోజు నుంచి కోరిన ప్రతి పేషెంటుకూ ఈ సదుపాయం కలదు. రెండు ఫొటోలు జతపరచాలి. పేషెంట్ ఫొటోలో నీరసంగా, తాలూకు ఫొటోలో ధైర్యంగా కనిపించాలి. తొలగించిన తాలూకును గౌరవప్రదంగా పునర్నియమించడమైనది."

హిమజ కలం మూత పెట్టింది. ఆపరేషన్ కాగితం సంతకం లేకుండానే సత్యవేణి చేతికి వచ్చింది. దాంతోపాటు రిపోర్టు కూడా.

*

సాయంత్రం అయిదింటికి పదకొండో నంబరు గదిలో ఇద్దరే ఉన్నారు. సత్యవేణి మెడలోంచి పసుపు కార్డు తీసి బల్ల మీద పెట్టింది. చేతికి నీలం పట్టీ మాత్రం ఉంచుకుంది.

"ఇప్పుడు నాకు చెప్పండి డాక్టరు గారూ."

"మీకు తెలుసు కదమ్మా."

"తాలూకుకి చెప్పేరు. నాకెవరూ చెప్పలేదు."

డాక్టర్ పరాంకుశం నోరు తెరిచాడు. మూశాడు. పందొమ్మిదేళ్ల వృత్తిలో ఆయన మొదట మొహం తిప్పుకుని గోడలకీ, తర్వాత భర్తలకీ, ఆ తర్వాత కొడుకులకీ చెప్పాడు. ఎవరి జబ్బు వాళ్లకి, కళ్లలోకి చూసి చెప్పడం ఆయనకి చేతకాదు. సత్యవేణి నీళ్ల గ్లాసు ఆయన వైపు జరిపింది.

"కంగారు పడకండి. తొందరేం లేదు. నాకేం చేపల తొట్లు పట్టుకునే అలవాటు లేదు."

ఆయన నీళ్లు తాగాడు. తెర లాగబోయి ఆగాడు. కిటికీలోంచి వెలుతురు బల్ల మీద పడుతూనే ఉంది.

"సత్యవేణి గారూ," అన్నాడు. "మీకు రొమ్ము క్యాన్సర్ ఉంది."

"ఆయ్."

"చిన్నది. నయమయ్యే అవకాశం బాగా ఉంది. రెండు దారులున్నాయి. మొత్తం తీసెయ్యొచ్చు. గడ్డ మాత్రమే తీసి కొన్ని వారాలు రేడియేషన్ ఇవ్వొచ్చు. ఆయుష్షులో తేడా దాదాపు ఉండదు. రెండో దారిలో రోజూ రావాలి, విసుగు. మళ్లీ అక్కడే రావడానికి కాస్త అవకాశం మిగులుతుంది, అందుకని ఏటా పరీక్ష తప్పకూడదు. రిపోర్టు ఇంకో డాక్టరుకి చూపించి రండి, నేనేమీ అనుకోను. ఏది కావాలో మీరు చెప్పండి."

చెప్పడం అయిపోయేసరికి ఆయన కళ్లు తడిశాయి. ఆశ్చర్యంగా ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి. ఆమె ప్రశ్నలు అడిగింది. రేడియేషన్ ఎన్ని వారాలు, చెయ్యి పైకెత్తడం కష్టమవుతుందా, మళ్లీ డ్యూటీ ఎప్పుడు ఎక్కొచ్చు, బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడొచ్చా. ఆయన ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాడు. తెలియనిదానికి తెలియదన్నాడు.

శనివారం ఆమె విశాఖపట్నంలో ఇంకో డాక్టరుని చూసింది. సోమవారం పొద్దున్న తిరిగి వచ్చి అదే కుర్చీలో కూర్చుంది.

"గడ్డ ఒక్కటే తియ్యండి."

"మంచిది. ఇంట్లో ఎవరినైనా ఒకసారి అడిగి..."

"అడిగేనండి," అంది సత్యవేణి. "ముందు కొంచెం భయపడింది. తర్వాత ఒప్పుకుంది."